పాత ట్రాక్టరు స్టీరింగు: అర మిల్లీమీటరు అరుగుదల ఏం చేస్తుంది?



వరికోతల రోజుల్లో ధాన్యం బస్తాలతో ఊరి రోడ్డు మీద వచ్చే పాత ట్రాక్టరును ఒకసారి పరిశీలనగా చూడండి. రోడ్డు తిన్నగానే ఉంటుంది. ఎదురుగా ఏ బండీ ఉండదు. అయినా డ్రైవరు చేతులు ఊరుకోవు. స్టీరింగు చక్రాన్ని కాస్త కుడికీ కాస్త ఎడమకీ తిప్పుతూనే ఉంటాడు. అది అతని అలవాటు అనుకుంటాం. కాదు. ఆ ట్రాక్టరు స్టీరింగు అరిగిపోయింది. చేతిలోని చక్రాన్ని కొంత మేర తిప్పినా ముందు టైర్లు కదలడం లేదు. అవి వాటంతట అవే కొద్దిగా పక్కకు పోతుంటే, అతడు మళ్ళీ మళ్ళీ దారిలోకి తెస్తున్నాడు. ఇలా పని చేయకుండా తిరిగే ఈ వృథా కదలికను మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. మనం ‘ఆట’ అందాం.

ట్రాలీ ఉన్నది సరుకుల కోసమే. అయినా నాట్లకో కోతలకో వెళ్ళే కూలీలు దానిలో ఎక్కి కూర్చోవడం మీరు చూసే ఉంటారు. వాళ్ళ ప్రాణాలన్నీ ఆ స్టీరింగు మీదే ఆధారపడి ఉంటాయి. కనుక ఆట అంటే ఏమిటి, అది ఎక్కడ పుడుతుంది, పాత ట్రాక్టరులో దాన్ని ఎలా పోగొడతారు అన్న సంగతులు మనం తెలుసుకోవలసిందే. ఇందులో మీ భౌతికశాస్త్రంలోని తులాదండం, మర, ఘర్షణ, వ్యాకోచం పాఠాలన్నీ ఉన్నాయి. లెక్కల పుస్తకంలోని వృత్తాల పాఠం కూడా ఉంది.

ఒక పాత ట్రాక్టరు వంశం

ఉదాహరణకు మాసీ ఫెర్గూసన్ 35 అనే ట్రాక్టరును తీసుకుందాం. దీనికి ముందుతరం ట్రాక్టరు ‘టీఈ 20’. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ రూపకల్పన చేసిన ఆ చిన్న బూడిదరంగు ట్రాక్టరు 1946 నుండి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైంది. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం ఈ రకం ట్రాక్టర్లకే గొలుసు పట్టాలు తొడిగి దక్షిణ ధ్రువానికి చేరుకుంది. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీయే ఆయన.

ఫెర్గూసన్ సంస్థ 1953లో మాసీ హారిస్ అనే సంస్థతో కలిసింది. ఆ తర్వాత వచ్చిందే 35 నమూనా. మన దేశంలో 1960లో మద్రాసులో (నేటి చెన్నై) స్థాపించిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్ల తయారీ చేపట్టింది. 35 నమూనా ఆధారంగా తయారైన 1035 ట్రాక్టర్లు మన పల్లెల్లోకి అలా వచ్చినవే. వాటిలో చాలా బండ్లు మీ తాతల వయసువి. ఇంజను ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కానీ స్టీరింగును పట్టించుకునేవారు తక్కువ. ఇంజను ఆగిపోతే పని ఆగుతుంది గనుక వెంటనే బాగుచేయిస్తారు. స్టీరింగు అరిగినా పని నడుస్తూనే ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

చేతి నుండి టైరు వరకు

డ్రైవరు చేతి కదలిక టైరును చేరడానికి ఒక గొలుసులా కొన్ని భాగాలు ఉంటాయి. వరుసగా చూద్దాం.

చేతిలోని చక్రం ఒక పొడవాటి కడ్డీకి బిగించి ఉంటుంది. ఆ కడ్డీ కింది భాగంలో మరచుట్లు ఉంటాయి. దాని మీద ఒక నట్టు ఉంటుంది. చక్రం తిప్పితే కడ్డీ తిరుగుతుంది. నట్టును తిరగనివ్వరు గనుక అది కడ్డీ వెంట పైకో కిందికో జరుగుతుంది. గుండ్రంగా తిరిగే కదలిక తిన్నని కదలికగా మారిందన్నమాట. ఈ నట్టుకూ మరకూ మధ్య చిన్న చిన్న ఉక్కు గోళీలు ఉంటాయి. నట్టు జారకుండా గోళీల మీద దొర్లుతుంది. జారుడు ఘర్షణ కన్నా దొర్లుడు ఘర్షణ చాలా తక్కువ అని మీరు చదువుకున్నారు కదా! ఇదంతా నూనె పోసిన ఒక ఇనుప పెట్టెలో ఉంటుంది. అదే స్టీరింగు బాక్సు.

నట్టు జరిగినప్పుడు బాక్సుకు రెండు పక్కలా ఉన్న రెండు అడ్డ కడ్డీలు కొద్దిగా తిరుగుతాయి. వాటి చివర కిందికి వేలాడే చేతులే ‘డ్రాప్ ఆర్ములు’. గడియారం లోలకంలా అవి ముందుకూ వెనక్కూ ఊగుతాయి. కుడిది ముందుకు వెళితే ఎడమది వెనక్కు వస్తుంది. ఒక్కో డ్రాప్ ఆర్ము నుండి ముందు చక్రం దాకా ఒక పొడవాటి కడ్డీ ఉంటుంది. దాని పేరు ‘డ్రాగ్ లింకు’. దాని రెండు కొసలా ‘బాల్ జాయింట్లు’ ఉంటాయి. మన భుజం కీలు లాగే గిన్నెలో బంతి తిరిగే కీళ్ళు ఇవి. డ్రాగ్ లింకు ముందు కొస స్టీరింగు ఆర్మును నెడుతుంది. ఆ ఆర్ము ‘కింగ్ పిన్ను’ అనే నిలువు కడ్డీని తిప్పుతుంది. కింగ్ పిన్నుతో పాటు చక్రం తిరుగుతుంది. కింగ్ పిన్ను చుట్టూ ముందు ఇరుసులో ‘బుష్షు’ అనే లోహపు గొట్టం ఉంటుంది. తిరిగే కడ్డీ ఇరుసును తినెయ్యకుండా తాను అరిగేది ఈ బుష్షే.

చాలా ఇతర ట్రాక్టర్లలో డ్రాగ్ లింకు ఒక్కటే ఉంటుంది. రెండు ముందు చక్రాలను ‘టై రాడ్డు’ అనే అడ్డ కడ్డీ కలుపుతుంది. ఫెర్గూసన్ వంశంలో మాత్రం రెండు పక్కలా రెండు లింకులు. దీనివల్ల ఒక చక్కని ప్రయోజనం ఉంది. పైరు సాళ్ళ దూరాన్ని బట్టి ముందు చక్రాల మధ్య దూరాన్ని మార్చవలసి వస్తుంది. ఇరుసు కొసలు వెనక్కు వాలి ఉండేలా తయారుచేసి, లింకుల అమరిక చెడకుండానే ఆ దూరం మార్చుకునే వీలును ఫెర్గూసన్ కల్పించాడు. టీఈ 20లో ఈ దూరాన్ని 48 అంగుళాల నుండి 76 అంగుళాల వరకు, 4 అంగుళాల మెట్లుగా మార్చవచ్చు.

బలం పెరిగితే ఆట కూడా పెరుగుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బరువైన ట్రాక్టరు ముందు చక్రాలను మామూలు మనిషి రెండు చేతులతో ఎలా తిప్పగలుగుతున్నాడు?

లెక్క సులువుగా ఉండడానికి కొన్ని కొలతలు అనుకుందాం. చేతిలోని చక్రం వ్యాసార్ధం 21 సెంటీమీటర్లు. దాన్ని 20 డిగ్రీలు తిప్పితే ముందు టైరు 1 డిగ్రీ తిరుగుతుంది. స్టీరింగు ఆర్ము పొడవు 18 సెంటీమీటర్లు.

చక్రం అంచు కదిలే దూరానికీ డ్రాగ్ లింకు కదిలే దూరానికీ నిష్పత్తి ఎంత? 20 × 21 ÷ 18 = సుమారు 23. అంటే అంచు 23 మిల్లీమీటర్లు కదిలితే లింకు 1 మిల్లీమీటరు కదులుతుంది. దూరంలో పోగొట్టుకున్నది బలంలో సంపాదించుకుంటాం. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, డ్రైవరు 50 న్యూటన్ల బలంతో (5 కిలోల బరువును ఎత్తేంత బలం) తిప్పితే లింకు దగ్గర సుమారు 1150 న్యూటన్ల బలం వస్తుంది. 115 కిలోల బరువును ఎత్తేంత బలమిది. తులాదండానికి ఉన్న యాంత్రిక లాభమే దీనికీ ఉంది.

ఇంతవరకూ మీ పాఠంలో ఉన్నదే. ఇప్పుడు అదే లెక్కను తిరగేసి చూడండి. డ్రాగ్ లింకు కొసన ఉన్న బాల్ జాయింటు అర మిల్లీమీటరు అరిగిందనుకోండి. ఆ అర మిల్లీమీటరు సందు పూడేవరకు టైరు కదలదు. అప్పటికి చేతిలోని చక్రం అంచు ఎంత తిరిగి ఉంటుంది? 0.5 × 23 = 11.5 మిల్లీమీటర్లు. ఒక్క సెంటీమీటరు పైమాటే! కంటికి సరిగా కనబడని అరుగుదల చేతికి సెంటీమీటరై తగులుతోంది. బలాన్ని 23 రెట్లు చేసే యంత్రమే ఆటను కూడా 23 రెట్లు చేసి చూపిస్తోంది.

మీ ప్రయోగశాలలోని స్క్రూగేజిని గుర్తు తెచ్చుకోండి. తలను ఒక దిశలో తిప్పి, వెంటనే వెనక్కు తిప్పితే, మొదట కాసేపు తల తిరుగుతుంది గానీ మర కొస కదలదు. అరిగిన మరలో ఉండే ఖాళీయే దానికి కారణం. అందుకే ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ కొలవాలని ఉపాధ్యాయులు చెబుతారు. స్క్రూగేజిలో ఈ దోషం వల్ల మార్కులు పోతాయి. స్టీరింగులో దోషం ఉంటే ఏం పోతుందో చూద్దాం.

రెండు సెకన్లలో రెండడుగులు

ఒక పాత ట్రాక్టరులో ఆట మొత్తం 45 డిగ్రీలు ఉందనుకుందాం. అంటే చక్రాన్ని 45 డిగ్రీలు తిప్పేవరకు టైర్లలో కదలికే ఉండదు. దీన్ని 20తో భాగిస్తే 2.25 డిగ్రీలు. మధ్య నుండి ఒక్కో పక్కకు 1.125 డిగ్రీలు. డ్రైవరు చక్రాన్ని కదపకుండా పట్టుకున్నా ముందు టైర్లు ఇంతమేర తమ ఇష్టం వచ్చిన వైపు తిరగగలవు.

ఒక డిగ్రీ అంటే ఎంత అని తీసిపారేయకండి. మాసీ 35లో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 1.83 మీటర్లు. ముందు టైర్లు 1.125 డిగ్రీలు తిరిగి ఉంటే ట్రాక్టరు ఒక పెద్ద వృత్తం వెంట పోతుంది. 1.83 మీటర్ల చాపం కేంద్రం దగ్గర 1.125 డిగ్రీల కోణం చేసే వృత్తమే అది. చాపం పొడవు సూత్రం మీకు తెలుసు. దాని ప్రకారం వ్యాసార్ధం సుమారు 93 మీటర్లు వస్తుంది.

ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతోంది. సెకనుకు సుమారు 5.5 మీటర్లు. 2 సెకన్లలో 11 మీటర్లు. 93 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం వెంట 11 మీటర్లు పోతే తిన్నని గీత నుండి ఎంత పక్కకు జరుగుతాం? పైథాగరస్ సిద్ధాంతంతో లెక్క కట్టండి. సుమారు 65 సెంటీమీటర్లు వస్తుంది. రెండడుగుల పైమాట. 3 సెకన్లయితే ఒకటిన్నర మీటర్లు!

ఒకే వరుస బండ్లు పట్టే రోడ్డుకు ప్రామాణిక వెడల్పు 3.75 మీటర్లు. దానిలో మీ ట్రాక్టరు, ఎదురుగా ఒక మోటారు సైకిలు. ఎవరో పిలిస్తే డ్రైవరు 2 సెకన్లు వెనక్కు తిరిగాడు. ఇక లెక్క చెప్పనవసరం లేదు. పగలు కళ్ళు ఈ తప్పును సరిదిద్దుతూ ఉంటాయి. రాత్రివేళ, ఎదుటి దీపం కళ్ళలో పడినప్పుడు సరిదిద్దే దిక్కు ఉండదు.

ఎంత ఆట ఉండవచ్చు అన్న హద్దును ట్రాక్టరుతో ఇచ్చే పుస్తకంలో రాస్తారు. అసలు ఆటే లేకుండా బిగిస్తే భాగాలు కదలవు. అందుకని చక్రం అంచు దగ్గర కొద్దిపాటి ఆట ఉండనిస్తారు. అంతకు మించితే మరమ్మతు చేయించాలి.

దొంగను పట్టుకోవడం

మా పాఠశాల పిల్లలను ఒకసారి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు తీసుకువెళ్ళాను. ఏళ్ళ తరబడి చింతచెట్టు కింద నిలబడిపోయిన ఒక పాత 35ను అప్పుడే లోపలికి తోశారు. మా పదో తరగతి కుర్రవాడొకడు మెకానిక్కును అడిగాడు.

“అన్నా, కొత్త స్టీరింగు బాక్సు వేసేస్తే సరిపోదా?”

“ఆగు తమ్ముడూ! ముందు దొంగ ఎక్కడున్నాడో చూడాలి గదా. నువ్వు పైకెక్కి చక్రాన్ని అటూ ఇటూ ఊపు. నేను కింద చూస్తా” అన్నాడాయన.

ఇదీ శాస్త్రీయ పద్ధతి. గొలుసులో లోపం ఉన్నప్పుడు ఒక్కొక్క లంకెనూ విడిగా పరీక్షించాలి. ఒకరు చక్రాన్ని కొద్దికొద్దిగా ఊపుతారు. రెండోవారు ప్రతి కీలు మీదా వేలు పెట్టి చూస్తారు. కీలుకు ఒక పక్క భాగం కదిలి, రెండో పక్క భాగం ఆలస్యంగా కదిలితే ఆట అక్కడ ఉన్నట్టే.

ఆ తర్వాత ముందు ఇరుసును జాకీతో ఎత్తి, దాని కింద బలమైన దిమ్మెలు పెడతారు. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. టైరును పైనా కిందా పట్టుకొని ఊపుతారు. టైరు మాత్రమే ఊగి, అది తిరిగే స్టబ్ యాక్సిలు ఊగకపోతే లోపం బేరింగులో ఉంది. స్టబ్ యాక్సిలు కూడా కలిసి ఊగితే కింగ్ పిన్ను, బుష్షు అరిగాయి. టైరును ముందూ వెనకా పట్టుకొని ఊపితే కదలిక లింకుల్లోకి పోతుంది. అప్పుడు బాల్ జాయింట్ల సంగతి బయటపడుతుంది. ముందు ఇరుసు మధ్యలో ఒక పెద్ద పిన్ను ఉంటుంది. గట్లు ఎక్కేటప్పుడు ఇరుసు దాని మీదే ఊయలలా ఊగుతుంది. అది అరిగినా బండి దారి తప్పుతుంది.

నేల దగ్గరి నుండి మొదలుపెట్టి పైకి రావాలి. బాక్సును చివరగా చూడాలి. కింద భాగాలను సరిచేసేసరికి ఆటలో పెద్ద భాగం పోయిందని తేలవచ్చు. బాక్సు ఖర్చే తప్పిపోవచ్చు. ఆ రోజు ఆ ట్రాక్టరులో జరిగింది అదే. నాలుగు బాల్ జాయింట్లలో మూడు, రెండు పక్కలా బుష్షులు పోయాయి. బాక్సులో ఆట కొద్దిగానే ఉంది.

తుప్పు, వేడి, గోళీలు

చాలాకాలం కదలని బండిలో ఆటకు బదులు మరో ఇబ్బంది ఉంటుంది. కింగ్ పిన్ను బిగుసుకుపోతుంది. ఇనుము నీటితో, గాలిలోని ఆక్సిజనుతో కలిసి తుప్పు అవుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిన్నుకూ బుష్షుకూ మధ్య ఉన్న సన్నని సందులో చోటు చాలక, అది రెంటినీ ఒత్తి పట్టేస్తుంది. సుత్తితో బాదితే పిన్ను తల నలుగుతుంది గానీ లాభం ఉండదు. పలుచని నూనె వేసి ఓపికగా ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. సన్నని సందుల్లోకి ద్రవాలు తమంతట తామే పాకే కేశనాళికీయత ఇక్కడ పనిచేస్తుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కేది కూడా దీనివల్లే.

వేడి కూడా సాయపడుతుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు భాగాన్ని 100 సెంటీగ్రేడు డిగ్రీల మేర వేడిచేస్తే, రంధ్రం సుమారు 0.036 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. (ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000012. మీరే గుణించి చూడండి.) తలవెంట్రుక మందంలో సగం ఉండే ఈ తేడా చాలు, పట్టు వదలడానికి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి చేసేదీ ఇదే పని. పట్టాను కాల్చి పెద్దది చేసి తొడుగుతాడు, చల్లారాక అది బిగుసుకుంటుంది.

బాక్సును విప్పవలసివస్తే మెకానిక్కు ముందుగా కింద ఒక పళ్ళెం పెడతాడు. ఎందుకో తెలుసా? నట్టులోని ఉక్కు గోళీలు జలజలా రాలతాయి. ఒక్కటి పోయినా లెక్క తప్పుతుంది. అందుకే ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాసుకుంటారు. పైనుండి వర్షపు నీరు దిగి ఉంటే నూనె మజ్జిగలా తెల్లగా ఉంటుంది. అలాంటి బాక్సులో గోళీల మీద సన్నని గుంటలు కనిపిస్తాయి. అప్పుడు చెడినవాటిని మాత్రమే తీసి కొత్తవి వేయకూడదు. మొత్తం జట్టును మార్చాలి. కొత్త గోళీ అరిగిన వాటి కన్నా రవ్వంత పెద్దదిగా ఉంటుంది. భారమంతా దాని మీదే పడి, మర మీద గాడి పడుతుంది. నలుగురు మోసే దుంగ కింద ఒక్కడే పొడుగరి ఉంటే ఎవరి భుజం నొప్పి పుడుతుందో మీకు తెలుసు.

చేయకూడని రెండు పనులు

మొదటిది, ఆట పోవాలని బాక్సును మితిమీరి బిగించడం. బాక్సులో ‘షిమ్ములు’ అనే పలుచని రేకులతోనో ఒక మరతోనో పళ్ళ మధ్య సందును సరిచేసే ఏర్పాటు ఉంటుంది. బండి ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది గనుక మర మధ్యభాగం ఎక్కువ అరుగుతుంది, కొసలు తక్కువ అరుగుతాయి. మధ్యలో ఆట పోయేలా బిగిస్తే కొసల దగ్గర పట్టేస్తుంది. తిన్నని రోడ్డు మీద హాయిగా ఉన్న స్టీరింగు మలుపులో తిరిగి రాదు. ఇది ఆట కన్నా ప్రమాదం. అందుకని బిగించిన తర్వాత చక్రాన్ని ఈ కొస నుండి ఆ కొస దాకా తిప్పి, ఎక్కడా పట్టడం లేదని చూడాలి. పడుతూ ఉంటే అరిగిన భాగాలను మార్చడం తప్ప దారి లేదు.

రెండవది, అరిగిన బాల్ జాయింటుకో పగిలిన డ్రాప్ ఆర్ముకో వెల్డింగు చేయించడం. ఖర్చు తక్కువ గనుక చాలామంది ఈ పని చేయిస్తారు. ఉక్కు గట్టిదనం దాని రసాయన నిర్మాణం మీద మాత్రమే ఆధారపడదు. దాన్ని ఎంత వేడిచేశారు, ఎంత వేగంగా చల్లార్చారు అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. కమ్మరి కొడవలికి నీరు పట్టడం చూశారా? కర్మాగారంలో స్టీరింగు భాగాలకు జాగ్రత్తగా అలాంటి పదును పెడతారు. వెల్డింగు మంట ఆ పదునును పోగొడుతుంది. అతుకు పక్కన ఒకచోట మెత్తగా, ఒకచోట గాజులా పెళుసుగా మారవచ్చు. పైకి గట్టిగానే కనిపిస్తుంది. గోతిలో పడిన రోజున ముందు చెప్పకుండా విరుగుతుంది. ఇంజను భాగం విరిగితే బండి ఆగుతుంది. స్టీరింగు భాగం విరిగితే బండి ఆగదు, దారి తప్పుతుంది.

నట్లు బిగించాక ‘స్ప్లిట్ పిన్ను’ అనే తీగ ముక్కను రంధ్రంలో దూర్చి కొసలు వంచుతారు. కుదుపులకు నట్టు ఊడిపోకుండా కాపాడేది అదే. పాత దాన్ని సాపుచేసి మళ్ళీ వాడకూడదు. రెండుసార్లు వంచిన తీగ ఎంత తేలికగా తెగుతుందో చేత్తో వంచి చూడండి.

చివరి కొలత

భాగాలన్నీ బిగించాక లింకుల పొడవు సరిచూడాలి. పై నుండి చూస్తే రెండు ముందు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కన్నా కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. దీన్ని ‘టో ఇన్’ అంటారు. ఎంత ఉండాలో ఆ ట్రాక్టరు పుస్తకం చెబుతుంది. ఇరుసు ఎత్తున సుద్దముక్కతో గుర్తు పెట్టి, టేపుతో ముందు ఒకసారి, టైరును సగం చుట్టు తిప్పి వెనుక ఒకసారి కొలుస్తారు.

ఈ కొలత తప్పితే ఏమవుతుంది? టైరు ఒక డిగ్రీ వంకరగా ఉందనుకోండి. 100 మీటర్లు పోయేసరికి అది పక్కకు ఒరుసుకున్న దూరం సుమారు 1.75 మీటర్లు. కిలోమీటరుకు 17.5 మీటర్లు! రబ్బరు పలక మీద తుడిపినట్లు టైరు అరుగుతుంది.

మలుపులో మరొక చిత్రం ఉంది. రెండు ముందు చక్రాలూ ఒకే కోణంలో తిరగకూడదు. లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద పోవాలి గదా! మన ట్రాక్టరు 3 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందనీ, కింగ్ పిన్నుల మధ్య దూరం 1.2 మీటర్లనీ అనుకుంటే, లోపలి చక్రం సుమారు 37 డిగ్రీలు, బయటి చక్రం సుమారు 27 డిగ్రీలు తిరగాలి. గుర్రపు బండ్ల కాలంలోనే మ్యూనిక్ నగరపు బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. 1818లో లండనులో ఆయన తరఫున పేటెంటు తీసుకున్నవాడు ఆకర్‌మన్. లోకంలో ఆ పేరే నిలిచింది. ఆర్ములు వంగితే, అటూ ఇటూ మార్చి బిగిస్తే ఈ అమరిక చెడి, మలుపులో టైర్లు కీచుమంటూ ఒరుసుకుంటాయి.

ఇక మిగిలింది గ్రీజు. గ్రీజు అంటే ఒక రకం సబ్బులో పట్టి ఉంచిన నూనె. కీలులో ఒత్తిడి పడినప్పుడు నూనెను కొద్దికొద్దిగా వదులుతుంది. దమ్ము చేసేటప్పుడు బురదనీరు కింగ్ పిన్నుల్లోకి, జాయింట్లలోకి చేరుతుంది. ఆ నీటిలోని సన్నని ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది. గ్రీజు గన్నుతో కొత్త గ్రీజు ఎక్కించి, నల్లని పాత గ్రీజు బయటికి వచ్చి, దాని వెనక శుభ్రమైనది కనిపించేవరకు కొట్టాలి. దమ్ము ముగిసిన సాయంత్రం పది నిమిషాలు చేసే ఈ పని ఒక బుష్షు ఆయుష్షును ఎంతో పెంచుతుంది.

మీరే చేసి చూడండి

1. ఒక పెద్ద బోల్టు, దానికి సరిపోయే నట్టు తీసుకోండి. నట్టును పట్టుకొని బోల్టును 10 చుట్లు తిప్పండి. నట్టు ఎంత దూరం జరిగింది? దాన్ని 10తో భాగిస్తే ఒక చుట్టుకు జరిగే దూరం వస్తుంది. ఇప్పుడు నట్టును తిప్పకుండా ముందుకూ వెనక్కూ లాగి చూడండి. కొద్దిగా కదిలిందా? అదే ఆట.

2. బల్ల మీద ఒక లావుపాటి పుస్తకాన్ని దారంతో లాగండి. తర్వాత దాని కింద ఒకే సైజు గోళీలు పరచి లాగండి. వాటిలో ఒక పెద్ద గోళీ కలిపి మళ్ళీ లాగండి. తేడా రాయండి.

3. ఇంట్లో పెద్దవారు దగ్గరుండగా, ఆగి ఉన్న ట్రాక్టరు స్టీరింగు చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టండి. ముందు టైరు కదలడం మొదలయ్యేవరకు ఒక వైపు, తర్వాత రెండో వైపు తిప్పించి, అంచు దగ్గర ఆటను టేపుతో కొలవండి. ఇంజను ఆపి ఉండాలి, బ్రేకు వేసి ఉండాలి. మీరు మాత్రం బండి కిందికి దూరవద్దు.

ఆలోచించండి

1. స్టీరింగు చక్రం వ్యాసార్ధాన్ని రెట్టింపు చేస్తే డ్రైవరు శ్రమ తగ్గుతుందా? అదే అరుగుదలకు అంచు దగ్గర కనిపించే ఆట ఏమవుతుంది?

2. పై లెక్కలో ట్రాక్టరు వేగం గంటకు 10 కిలోమీటర్లే అయితే 2 సెకన్లలో పక్కకు జరిగే దూరం సగమవుతుందా, పావు వంతు అవుతుందా? లెక్క కట్టి చెప్పండి. పాత ట్రాక్టరును నెమ్మదిగా నడపమని పెద్దలు ఎందుకు అంటారో ఆ జవాబే చెబుతుంది.

మూడవ ప్రయోగంలో మీరు కొలిచిన ఆటను ట్రాక్టరు పుస్తకంలో ఇచ్చిన హద్దుతో పోల్చండి. మించి ఉంటే ఆ అంకెను ట్రాక్టరు యజమానికి చూపించండి. “స్టీరింగు కాస్త లూజుగా ఉంది” అంటే “ఎప్పుడూ ఉండేదే” అనవచ్చు. “ఆట ఇన్ని సెంటీమీటర్లు ఉంది, 2 సెకన్లలో బండి ఇంత పక్కకు పోతుంది” అని లెక్కతో చెబితే ఆగి వింటారు.